బావికాడి బండ

నేను ఒక బండరాయిని. బొట్టుపెట్టి మొక్కే రాయిని కాదు, దారి చెప్పే మైలురాయినీ కాదు. బట్టలుతికే బండని. రాళ్ల జాతికి మాట తక్కువ, నాకు మరీ తక్కువ. ఈ నాలుగు ముక్కలైనా సిగ్గును లోపల దాచుకోలేక చెబుతున్నాను.

నా పుట్టుక భూమి లోపల, బాగా లోతున. మనిషన్నవాడు ఇంకా లేడు. కరిగిన రాయి పెద్ద కాగులో ఉన్నట్టు ఉండి, మెల్లగా చల్లారుతూ వచ్చింది. ముందు గడ్డకట్టినవన్నీ మామూలు రాళ్లయ్యాయి. చివరికి కాస్త పాకం మిగిలింది. బెల్లం వండేవాళ్లకు తెలుసు, కాగు అడుగున మిగిలే పాకం తీరే వేరు. ఎక్కడా ఇమడని సరుకంతా అందులోకే చేరుతుంది. ఆ పాకం చుట్టూ ఉన్న రాళ్ల బీటల్లోకి దూరి, అక్కడ తొందర లేకుండా చల్లారింది. తొందర లేదు గనక మాలో ఒక్కొక్కటి మనిషి చెయ్యంత, కాలంత పొడవు పెరిగింది. పలుగురాయి, ఎర్రరాయి, అబ్రకం, నేను. అందరం ఒక బీటలో పక్కపక్కన పుట్టినవాళ్లమే. చదువుకున్నవాళ్లు అలాంటి బీటను పెగ్మటైట్ అంటారు. గనిలో పనిచేసినవాళ్లు తెల్లసిర అనేవాళ్లు.

తోబుట్టువుల్లో అబ్రకం అందగత్తె. గూడూరుకు పడమట ఏటిగట్టుపాళెం అనే మా ఊళ్లో దాన్ని కాకిబంగారం అంటారు. పొరలు పొరలుగా వస్తుంది, వెలుగు తగిలితే తళుక్కుమంటుంది. దానికోసమే ఊరికి తూర్పున గని తవ్వారు. తూర్పుగుంత అని దాని పేరు. దాన్ని చేతుల్లోకి తీసుకుని, ఊది, తుడిచి, పెట్టెల్లో సర్ది ఓడలెక్కించేవాళ్లు. నన్ను మాత్రం కాలితో పక్కకు నెట్టేవాళ్లు. నేను బూడిద కలిసిన లేత పచ్చ రంగులో, ఎండిన కట్టెలా చారలు చారలుగా ఉంటాను. పేరు కూడా కట్టెరాయి. "కట్టెరాయి అడ్డమొచ్చింది, తీసి పారెయ్" అనేవాడు మేస్త్రీ. కోట్ల ఏళ్లు ఓపికపట్టి పెరిగి వెలుగులోకి వస్తే నాకు దక్కిన మొదటి మాట అది. చెత్తదిబ్బ మీద పడి ఉన్నాను. అప్పుడు మొదటిసారి సిగ్గుపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే అది సిగ్గే కాదు.

దిబ్బమీది నుంచి నన్ను తెచ్చినవాడు వెంగయ్య. గనిలో కూలి. అతనికి పెళ్లి కుదిరింది. ఊరి చివర ఎకరం మెట్టచేను ఉంటే అందులో బావి తవ్వుకున్నాడు. నీళ్లు పడ్డాయి. కొత్త కోడలు వచ్చేసరికి బావి దగ్గర మంచి బండ ఉండాలని అతని పట్టు. స్నేహితుడు మస్తానయ్యను వెంటబెట్టుకుని ఎద్దులబండితో వచ్చాడు. దిబ్బమీద ఉన్న రాళ్లన్నిటినీ తట్టి చూసి నన్ను ఎంచుకున్నాడు. ఒక పక్క చదునుగా చీలి ఉన్నాను. మంచంలో సగం ఉంటాను.

"ఒరే వెంగా, పెళ్లికూతురికి బంగారం పెట్టలేక బండ పెడతా ఉండావా?" అన్నాడు మస్తానయ్య, నన్ను బండిలోకి ఎత్తుతూ.

"బంగారమైతే దొంగోడెత్తకపోతాడు. బండనెవుడు ఎత్తకపోతాడ్రా?"

"నిజమేలే. నీకిచ్చే పిల్లకి నువ్వూ ఒకటి, ఇదీ ఒకటి. రెండు బండలు."

అలా నవ్వుకుంటూ నన్ను తెచ్చి బావి పక్కన గుంత తీసి కూర్చోబెట్టారు. దించే ముందు వెంగయ్య గుంతలో ఏదో సర్దాడు. అదేమిటో నాకు తెలుసు, నా కడుపు కిందే ఉంది. ఎవరికీ చెప్పలేదు, చెప్పే నోరూ లేదు. తర్వాత నన్ను ఒక వైపు కాస్త వాల్చి, కింద రాళ్లు బిగించి, మూరెడు లోతున మట్టి కప్పాడు. ఆ వాలు ఊరికే పెట్టింది కాదు. ఉతికిన నీళ్లు జారి వెళ్లే చోట ఒక నిమ్మమొక్క నాటాడు. అదే ఆ తోటలో మొదటి చెట్టు.

మూడోనాడు చెంగమ్మ కాపురానికి వచ్చింది. నేను పసుపు, కుంకుమ పూసుకుని, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు కూర్చుని ఉన్నాను. అత్తగారు ఆమెను బావి దగ్గరికి తీసుకొచ్చి రెండు సంగతులు చెప్పింది.

"ముందు బండకు తాపు, తర్వాత గుడ్డలు తడుపు. పొద్దస్తమానం దెబ్బలు తినేది అది గదా."

చెంగమ్మ చేదతో నీళ్లు తోడి, చెంబెడు నా మీద పోసి, ఆ తడిచెయ్యి కళ్లకద్దుకుంది.

"ఇంకోటి. బావికాడి బండ కదిలించేది లేదు. బండ కదిల్తే ఊట కదులుద్ది."

"అట్నే అత్తా" అంది చెంగమ్మ.

నేను ఎక్కడి నుంచి వచ్చానో ఆమె అడగలేదు. అడగాలని ఆమెకెందుకు తోస్తుంది? బావి ఎక్కడిదని ఎవరైనా అడుగుతారా? వెంగయ్యా చెప్పలేదు. అతను మాటకారి కాదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు బాగా గడిచాయి. చెంగమ్మ రోజూ ముందు నాకు తాపేది, తర్వాత ఉతికేది. గనికి పోయొచ్చిన మొగుడి చొక్కా ఉతికితే అబ్రకం పొడి నా మీద మెరిసేది. అందగత్తె చెల్లెలు పలకరించడానికి వచ్చినట్టు ఉండేది. నిమ్మమొక్క చెట్టయింది. దాని వెనకే ఇంకో వరస, ఇంకో వరస వేశారు. గని మూతపడింది, తూర్పుగుంత నిండా నీళ్లు నిలిచాయి. వెంగయ్య దగ్గి దగ్గి పోయాడు. మస్తానయ్య రాపూరులో కూతురింటికి చేరాడు. చెంగమ్మకు మిగిలింది ఆ తోట, ఆ బావి. తోట తిండి పెట్టేది, బావి తోటను బతికించేది. వేసవిలో ఊళ్లో బావులన్నీ అడుగంటినా ఆ బావిలో మాత్రం నిలువెత్తు నీళ్లుండేవి.

"మా యత్త మాట. బండ కదిలించలే గాబట్టే" అనేది అడిగినవాళ్లతో.

ఆ మాట వింటే నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఒకరోజు నిరంజన్ అనే ఒక సారు వచ్చాడు. ఏదో కంపెనీ తరఫున రాళ్లు వెతికే మనిషి. మెడలో భూతద్దం, చేతిలో సుత్తి. చెట్టు నీడలో నీళ్లు తాగుదామని బావి దగ్గర ఆగినవాడు నన్ను చూసి చెంబు కింద పెట్టేశాడు. మోకాళ్ల మీద కూర్చుని తడిమాడు. గడ్డం నా వీపుకు ఆనేంత దగ్గరగా వంగి భూతద్దంలో చూశాడు. తర్వాత సుత్తి ఎత్తాడు.

"ఓయ్ సామీ! ఏందది? గుడ్డలుతికే బండని పగలగొడతా ఉండావే! ఇంటికాడ నీ పెండ్లాం ఊరుకుంటదా?" అని చెంగమ్మ అరిచింది.

"చిన్న ముక్కమ్మా. మూల నుంచి."

"మూలైతే మాత్రం? నీ చెవి మూల కోసుకోనిస్తావా?"

సారు నవ్వి, బతిమాలి, మూల నుంచి నిమ్మకాయంత ముక్క కొట్టుకున్నాడు. అందులో కొంచెం పొడి చేసి, చిన్న సీసాలోని మందు కలిపి, తీగ చివర అద్ది, బావి ఎదుట పాకలో ఉన్న చెంగమ్మ గ్యాస్ పొయ్యి మీద పెట్టాడు. నీలం మంట ఒక్కసారిగా కుంకుమ రంగుకు తిరిగింది. చెంగమ్మ రెండు చేతులూ జోడించింది. సారు కళ్లు కూడా అలాగే మెరిశాయి, దండం ఒక్కటే తక్కువ.

"ఇందులో లిథియం ఉందమ్మా. సెల్‌ఫోన్ బ్యాటరీల్లో, కరెంటు బండ్లలో వాడేది. దేశమంతా దీనికోసమే వెతుకుతోంది."

దిబ్బమీదికి తన్నినవాళ్లు ఇప్పుడు మోకాళ్ల మీదికి వచ్చారు. నాలో మార్పేమీ లేదు, అదే కట్టెరాయిని. సంతోషం కలగలేదు. నేను పుట్టిన చోటు ఇది కాదని ఎవరైనా చెబితే బాగుండునని మాత్రం అనిపించింది.

"ఈ రాయి ఎప్పట్నుంచి ఉందమ్మా ఇక్కడ?"

"నేను కాపురానికొచ్చేనాటికే ఉంది సామీ."

అబద్ధం కాదు. ఆమెకు తెలిసింది అంతే.

"నేలలో ఎంత లోతు దాకా ఉందో, ఒకసారి పక్కన తవ్వి, కొంచెం లేపి చూడొచ్చా?"

"అమ్మో వొద్దు సామీ! బావికాడి బండ కదిల్తే ఊట కదులుద్ది. నా తోటంతా ఈ బావిమీదే ఉండాది. నీకు దండం పెడతా."

ఇంకొకడైతే నవ్వేవాడు. సారు నవ్వలేదు. ఒక ముసలామె నమ్మకాన్ని గడ్డపారతో పెకలించడం ఎందుకనుకున్నాడు. "సరేనమ్మా. కదిలించం. మాట ఇస్తున్నాను" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. నేను మనుషుల్లో చెడ్డవాళ్లను చాలామందినే చూశాను, వాళ్ల వల్ల నాకు పెద్దగా ఏమీ కాలేదు. జరిగిందంతా ఈ మంచివాడి మర్యాద వల్లనే. నన్ను లేపి చూడ్డానికి నలుగురు మనుషులు, రెండు గడ్డపారలు, ఒక పూట సరిపోయేవి. దానికి బదులు నేలను తొలిచే మిషను వచ్చింది.

"బెజ్జాలేస్తే తోటకేమన్నా అవుద్దా?" అని చెంగమ్మ అడిగింది.

"రెండు మూడు బోర్లు వేసి, లోపలి రాయి తీసి చూస్తామమ్మా. చెట్ల వేళ్లకు కూడా తెలీదు."

"మీరెతికేది దొరికితే?"

"దొరికితే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం."

"దొరికితే నా తోట పోద్ది, దొరక్కపోతే మీ కష్టం పోద్ది. ఇప్పుడు నేను దేవుణ్ణి ఏమని మొక్కేది సామీ?"

సారు భూతద్దం తుడుచుకున్నాడు. ఆమె మాత్రం ఆలోచించి, దొరకకూడదనే మొక్కుకుంది. ఆ మొక్కు తీరింది. అలా తీరుతుందని ఆమెకు తెలియదు.

మిషను వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు కావాలన్నారు. చెంగమ్మ మొదటి చెట్టు నుంచే, నా నీళ్లు తాగి పెరిగిన చెట్టు నుంచే కోసి ఇచ్చింది. చక్రాలు వాటిని పచ్చడి చేసుకుంటూ లోపలికి వచ్చాయి.

పళ్లు బిగించి తిరిగే గొట్టంతో నేలను తొలుస్తారు. లోపలి రాయి కడ్డీలుగా బయటికి వస్తుంది. వాటిని కడిగి, పొడవాటి పెట్టెల్లో, ఏది ముందు వచ్చిందో ఆ వరసలో పేరుస్తారు. సారు ప్రతి కడ్డీని చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని చూసేవాడు. అంతా బూడిదరంగు రాయి. తెల్లసిర జాడ లేదు. నా చుట్టం ఒక్కడూ లేడు. మొదటి బోరు అయింది. రెండోది బావికి ఇంకొంచెం దగ్గరగా, నా వైపుకు వాల్చి వేశారు. సాయంత్రం పూట సారు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చునేవాడు. "నీ వేరు ఎక్కడుంది?" అని అడుగుతున్నట్టు చూసేవాడు. నాకు వేరు లేదు, కింద వెంగయ్య బిగించిన నాలుగు చేతిరాళ్లున్నాయి. వేరు ఉన్నట్టు కూర్చున్నందుకు తలదించుకుందామంటే తల కూడా లేదు.

రెండో బోరు మధ్యలో ఉండగా మిషను వాళ్లు పంపే నీళ్లు పైకి రావడం మానేశాయి. లోపల ఏదో బీటలోకి పోతున్నాయన్నారు. అది మామూలేనన్నారు. తెల్లారి చెంగమ్మ మోటారు వేస్తే అది గుక్కపట్టిన బిడ్డలా దగ్గి, గాలి కక్కి, ఆగింది. ఆమె బావిలోకి తొంగిచూసింది. అడుగున బురద, ఆ బురదలో ఎగిరెగిరి పడుతున్న రెండు చేపపిల్లలు. బావికి నేలగా ఉన్న రాతిని గొట్టం తొలిచేసింది. నీళ్లు కిందికి దిగిపోయాయి.

ఆమె ఎవరినీ తిట్టలేదు. నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నిన్ను కదిలించలే గదా. మరి ఎట్టా కదిలిందే?"

నిజంగానే అడిగింది. నిష్ఠూరంగా అడిగితే బాగుండేది.

అది ఎండాకాలం, చెట్లమీద పిందె ఉంది. సారు మిషను ఆపించాడు, ట్యాంకరు తెప్పిస్తానన్నాడు, తెప్పించాడు. ట్యాంకరు నీళ్లు తోటకు ఎన్నాళ్లు? వారం తిరగకముందే పిందె రాలడం మొదలైంది. ఒకటొకటే టప్ టప్‌మని నేలమీద పడుతుంటే విన్నాను. నా పక్కనున్న మొదటి చెట్టు ఆకులు దోసిళ్లలా ముడుచుకున్నాయి.

ఆ రోజుల్లోనే మస్తానయ్య వచ్చాడు. ఊరి గంగమ్మ పొంగళ్లకు వచ్చినవాడు వదినను చూసిపోదామని కర్ర పోటేసుకుంటూ తోటలోకి నడిచాడు. గొట్టాలు, పెట్టెలు, టెంటు చూసి నోరు తెరిచాడు.

"ఏంది వదినా ఈ సంత? దేనికోసం తవ్వతా ఉండారీళ్లు?"

"ఈ బండకోసమే మస్తానయ్యా. ఇట్టాంటి రాయి కింద బోలెడుందంట. ఎతకతా ఉండారు."

మస్తానయ్య నన్ను చూశాడు. పాతి నలభై ఏళ్లయినా గుర్తుపట్టాడు. ముందు గొంతులో గురగురమంది, తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. కర్ర వదిలేసి, కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"ఓరి మీ చదువులు చట్టుబండలుగానూ! ఈ బండ ఈడిదెక్కడ? తూర్పుగుంతకాడ దిబ్బమీది కట్టెరాయి గదా! నేనూ మీ ఆయనా బండిమీద ఏసుకొచ్చి ఈడ పాతినాం. నీ పెండ్లికి వదినా! నడుం పట్టేసి నేను మూడు దినాలు లెయ్యలే!"

సారు టెంటులోంచి వచ్చి నిలబడ్డాడు. విన్నాడు. అతని మొహం నాలాంటి రంగుకే తిరిగింది. మస్తానయ్య ఇంకా నవ్వుతూనే, "కాసిని నీళ్లు పొయ్యి వదినా, గొంతారిపోయింది" అంటూ బావి దగ్గరికి నడిచి, అలవాటు కొద్దీ చేద వదిలాడు. చేద దిగింది, ఇంకా దిగింది, చివరికి అడుగున రాతికి తగిలి ఖణేల్‌మంది. అతని నవ్వు ఆగిపోయింది.

ఖాళీ చేదను పైకి లాగి గట్టుమీద పెట్టాడు.

"నేను ఊళ్లో ఉన్నా బాగుండేది" అన్నాడు చివరికి మస్తానయ్య.

"నేను లేపి చూసినా బాగుండేది" అన్నాడు సారు.

"నేను లేపనిచ్చినా బాగుండేది" అంది చెంగమ్మ.

ముగ్గురూ తలా కాస్త తప్పు పంచుకున్నారు. నా వాటా ఎవరూ నాకు ఇవ్వలేదు. రాయికి తప్పేమిటనుకున్నారు. కానీ ఆ తోటలో అబద్ధపు చోట కూర్చున్నది నేనొక్కడినే.

"ఇప్పుడు లేపండి. ఊట ఎట్టాగూ పోయింది గదా. ఇంక భయమేంది?" అంది చెంగమ్మ.

నలుగురు గడ్డపారలు వేశారు. ఒక పూట కూడా పట్టలేదు. కింద చేతిరాళ్లు, వాటి మధ్య మట్టి. మట్టిలో తళుక్కుమంటూ ఒక అబ్రకం పలక, తమలపాకంత ఉంది. చుట్టూ గుండ్రంగా, జాగ్రత్తగా కత్తిరించి ఉంది.

"అది వాడి పనే. కొత్త కోడలు నిలబడే చోట బంగారం ఉండాలంటారు గదా. బంగారం యాడుంది వాడికాడ? కాకిబంగారం పెట్టినాడు. నీకు చెప్పలే?" అన్నాడు మస్తానయ్య.

"ఆయన ఏం చెప్పినాడు గనక" అంది చెంగమ్మ. మట్టి తుడిచి దాన్ని కొంగున కట్టుకుంది. ఆమె కళ్లు నేను చూడలేదు. నన్ను అప్పటికి బోర్లించి ఉన్నారు.

సారు బోర్లు రెండూ సిమెంటుతో పూడిపించాడు. వానలు పడ్డాక బావిలోకి నీళ్లు వచ్చాయి, మోకాలి లోతు. మునుపటిలా మళ్లీ ఎప్పుడూ రాలేదు. అప్పటికి తోటలో దక్షిణం వరసలన్నీ ఎండిపోయాయి. వాటిని కొట్టి కట్టెలు చేశారు. మిగిలింది సగం. నా పక్కనున్న మొదటి చెట్టు ఒక కొమ్మతో బతికింది. కంపెనీ వాళ్ల టెంట్లు ఇప్పుడు తూర్పుగుంత గట్టున ఉన్నాయట. అక్కడైతే నా చుట్టాలు దొరుకుతారు.

సారు ఆ తర్వాత ఒకసారి వచ్చాడు. పళ్లు తెచ్చాడు, ఎరువు బస్తాలు తెచ్చాడు. చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి ఒక సంగతి చెప్పాడు. నా మూల నుంచి కొట్టిన ముక్కలో మిగిలినదాన్ని పట్నంలో, అద్దాల పెట్టెలో పెట్టారట. కింద కాగితం మీద 'దొరికిన చోటు: ఏటిగట్టుపాళెం, చెంగమ్మ నిమ్మతోట' అని రాశారట. తప్పని చెప్పి మార్చమన్నాడట. మారుస్తామన్నారట, ఇంకా మార్చలేదట.

"అట్నే ఉండనీలే సామీ" అంది చెంగమ్మ. "నా తోట ఈడ సగమే మిగిలింది. ఆడన్నా నిండా ఉంటది."

సారు పళ్ల బుట్ట కింద పెట్టి, తలొంచుకుని వెళ్లిపోయాడు. నాకైతే వెళ్లిపోవడానికి కాళ్లు కూడా లేవు.

నన్ను మళ్లీ బావి పక్కనే కూర్చోబెట్టారు. కానీ వెంగయ్య పెట్టిన వాలు వాళ్లకు తెలియదు. అటు తిరగాల్సిన వాలు ఇటు తిరిగింది. నా మీద పోసిన నీళ్లు ఇప్పుడు చెట్టు వైపు పోవు, రాళ్ల వైపు జారిపోతాయి.

చెంగమ్మ ఇంకా ఇక్కడే ఉతుకుతుంది. వేసవి వస్తే బావిలో దొరికేది రెండు బిందెలు. అందులో ఉతకాలి, వండాలి, చెట్టును బతికించాలి. అయినా మొదటి చెంబు నాకే. అత్త చెప్పిన మాట. నేను ఎవరినో, ఎక్కడి నుంచి వచ్చానో, నా వల్ల ఏం పోయిందో అన్నీ తెలిసి కూడా పోస్తుంది. తడిచెయ్యి కళ్లకద్దుకుంటుంది. ఆ నీళ్లు చల్లగా నా వీపు మీద పరుచుకుని, ఒక్క చుక్కైనా చెట్టును చేరకుండా, మెల్లగా అవతలికి జారిపోతాయి. ఆమె జారిపోయే నీళ్లను ఒక్క క్షణం చూస్తుంది. మడమతో కాస్త మట్టి నెట్టి, అడ్డం కట్టి, చెయ్యి ఆసరాగా పెట్టి, ఆ నీళ్లను చెట్టు వైపు తిప్పుతుంది.

తర్వాత గుడ్డ ఎత్తి నన్ను బాదుతుంది. ఆ దెబ్బలే నాకు కాస్త ఊరట.